గోడ ఇవతల నిలబడి విన్న మెటల్

ఇది కొంచెం పెద్దగా వచ్చింది, వీలున్నప్పుడు ఓపిగ్గా చదవండి.

మేము అంటే ముగ్గురం. పొన్నూరులో ఒకే హాస్టల్, ఒకే గది, డిగ్రీ మూడో సంవత్సరం. ఒకడు ఎరుకల, ఒకడు సుగాలి, ఒకడు యానాది. రాసే చెయ్యి ఒకడిదే. కానీ మిగతా ఇద్దరూ పక్కన కూర్చుని "అట్టా కాదురా, ఇట్టా రాయి" అంటున్నారు కాబట్టి మేము అనే రాస్తున్నాం. మూడు ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

పోయిన నెల ఇక్కడే ఒక అన్న రాశాడు, మన పిల్లలు చెవుల్లో ఇంగ్లీషు గోల పెట్టుకుని మన డోలు, మన పాట మర్చిపోతున్నారని. అన్న మా పేర్లు రాయలేదు గానీ మాకైతే మా గది తలుపు కొట్టినట్టే అనిపించింది. ఎందుకంటే మేము వినేది ఆ ఇంగ్లీషు గోలలో కూడా అన్నిటికన్నా పెద్ద గోల. హెవీ మెటల్. అన్న మాట తప్పని రాయటం లేదు. మాకు ఎట్టా జరిగిందో చెబుతున్నాం, అంతే.

మొదటి సంవత్సరం సంక్రాంతి సెలవుల్లో మేము ఇళ్లకు పోలేదు. ప్రత్తిపాడు వైపు మిరప కోతలకు పోయాం. ఆ డబ్బుల్లోంచి గుంటూరులో ఒక సెకండ్ హ్యాండ్ ఫోన్ కొన్నాం, ముగ్గురికీ కలిపి ఒకటి. కొట్టువాడు తుడవటం మర్చిపోయాడో ఏమో, లోపల పాత మెమరీ కార్డు ఉండిపోయింది. అందులో ఎవరివో పెళ్లి ఫోటోలు (చూసి తీసేశాం, తప్పే, కానీ చూశాం), ఒక ఫోల్డర్ నిండా పాటలు. సగం పాటలకు పేర్లు లేవు. ట్రాక్ 1, ట్రాక్ 2 అని ఉన్నాయి.

మొదటిది నొక్కితే వాన చప్పుడు వచ్చింది. దూరంగా ఉరుము. చర్చి గంట. ఫోన్ పాడైందనుకుని ఆపబోయాం. అంతలో గిటార్ పడింది. మూడే మూడు స్వరాలు, చాలా నెమ్మదిగా, ఎవరో బరువైనదాన్ని ఈడ్చుకొస్తున్నట్టు. మాలో ఇద్దరికి నవ్వొచ్చింది. ఒకడికి భయమేసింది. భయమేసినవాడే మళ్లీ పెట్టమన్నాడు.

అది బ్లాక్ సబ్బాత్ అనే బ్యాండు మొదటి ఆల్బం అని, 1970 ఫిబ్రవరి 13న వచ్చిందని, ఈ మెటల్ అనేదానికి చాలామంది మొదలు అక్కడే పెడతారని తెలియటానికి మాకు రెండు నెలలు పట్టింది. ఆ ఫోల్డర్లో వాళ్ల రెండో ఆల్బం 'పారనాయిడ్' కూడా ఉంది. మెటాలికా 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' ఉంది, 1986ది. ఐరన్ మెయిడెన్ 'ది నంబర్ ఆఫ్ ది బీస్ట్', 1982ది. సెపుల్టురా 'రూట్స్', 1996ది. మేము పుట్టకముందువే అన్నీ. ఇంగ్లీషు మీడియం వాళ్లకే అర్థం కాని ఇంగ్లీషు అది, మాకు ఎట్టా అర్థమవుతుంది? మాట అర్థం కాకపోవటమే మొదట్లో మంచిదైంది. క్లాసులో మాట అర్థం కాకపోతే సిగ్గు. ఇక్కడ సిగ్గు లేదు.

సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీ గురించి చెప్పకపోతే మిగతాది చెప్పలేం. ఆయనది ఇంగ్లండులో బర్మింగ్‌హామ్, ఫ్యాక్టరీల ఊరు. 17 ఏళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తుంటే మిషన్లో పడి కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి, కాబట్టి గిటార్ తీగలు నొక్కాల్సిన చెయ్యే అది. ఇంక వాయించలేవన్నారు. ఆయన ప్లాస్టిక్ సీసా కరగబెట్టి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు ముక్క అతికించాడు. తీగలు నొక్కటానికి నొప్పి కాబట్టి సన్న తీగలు వాడాడు. తర్వాత తర్వాత తీగల బిగువు తగ్గించి శ్రుతి కిందికి దించాడు, 1971లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో బాగా తెలుస్తుంది. ఆ దించిన శ్రుతి బరువే ఇవాళ మెటల్ బరువు.

మాలో సుగాలి వాడి నాన్నకి పత్తి జిన్నింగ్ మిల్లులో కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. వీడు ఆరో తరగతిలో ఉన్నప్పుడు. అంతకుముందు తండాలో నంగారా అంటే ఆయనే. తీజ్ వచ్చినా పెళ్లి వచ్చినా ఆయన కోసమే కబురు వచ్చేది. వేళ్లు పోయాక నంగారా అటక మీదికి పోయింది. కర్ర పట్టుకోవచ్చు గదా, మిగతా వేళ్లున్నాయి గదా అని అందరూ అన్నారు. ఆయన పట్టుకోలేదు.

మేము ఈ అయోమీ సంగతి తెలిసిన వారమే బస్సెక్కి వాళ్ల తండాకు పోయాం. ఏదో పెద్ద మందు తెచ్చినట్టు ఫోన్ ముందు పెట్టి, ఫోటో చూపించి, తొడుగుల సంగతి అంతా చెప్పాం. నాన్న బీడీ ఆర్పి, మొత్తం విని, ఒకటే అడిగాడు.

"మిల్లువాళ్లు అతనికి ఎంత ఇచ్చారంట?"

మా దగ్గర జవాబు లేదు. పాట పెడితే రెండు నిమిషాలు విని, "ఆకలేస్తోందా మీకు" అని లేచాడు. తిరుగు బస్సులో ముగ్గురం మాట్లాడుకోలేదు.

ఫోన్లో వినటం గురించి ఇంకో ముక్క. మిరప చేలో చెవుల్లో ఇయర్ ఫోన్లు కుదరవు. కోసేవాళ్లకి తెలుసు, వేళ్ల నిండా కారం, ఆ చేత్తో చెవి ముట్టుకుంటే సాయంత్రం దాకా మంట. కన్ను ముట్టుకుంటే ఇంక చెప్పక్కర్లేదు. అందుకని ఫోన్ చొక్కా జేబులో పెట్టి స్పీకర్లో వదిలేవాళ్లం. పక్క సాలులో అమ్మలు మొదట "ఏందయ్యా ఆ అరుపులు, కుక్కల్ని కొడుతున్నట్టు" అన్నారు. మెయిడెన్ పాట 'రన్ టు ది హిల్స్' వచ్చేసరికి మాత్రం గుర్రం పరుగు లాంటి దరువు గదా, చేతులు వాటంతటవే జోరందుకున్నాయి. మేస్త్రి వచ్చి "ఆ గుర్రం పాట మళ్లీ పెట్టండ్రా" అన్నాడు. ఆయనకి కోత తొందరగా తెమలాలి.

ఆ గుర్రం పాట దేని గురించో తర్వాత తెలిసింది. అమెరికాలో అక్కడి ఆదివాసుల మీదికి తెల్లవాళ్లు రావటం గురించి. మొదట్లో ఆదివాసీ నోటితో మొదలై, తర్వాత తరిమే సైనికుడి గొంతులోకి మారుతుంది. రాసింది, పాడింది ఇంగ్లండు వాళ్లు. మా యానాది వాడికి అది ప్రాణం. ఎరుకల వాడు ఒప్పుకోడు: "మన కథ వాళ్లు పాడి వాళ్లే పేరు తెచ్చుకున్నారు" అంటాడు. సెపుల్టురా మీద కూడా మాకు ఇదే గొడవ. 'రూట్స్' కోసం ఆ బ్రెజిల్ కుర్రాళ్లు మాటో గ్రోసో వైపు షవాంతే ఆదివాసుల ఊరికి పోయి, వాళ్లతో కలిసి కూర్చుని 'ఇత్సారి' అనే పాట అక్కడే రికార్డు చేశారు. ఆల్బం అట్ట మీద ఉన్న ఆదివాసీ బొమ్మ కూడా బ్రెజిల్ పాత కరెన్సీ నోటు మీంచి తీసుకున్నదే. వినటానికి మాకు ఒళ్లు జలదరిస్తుంది. కానీ నోటు మీద బొమ్మగా ఉండటం వేరు, చేతిలో నోటు ఉండటం వేరు. ఈ గొడవ ఇంకా తెగలేదు. మా ఓట్లు రెండు ఒకటి.

గొడవ లేని బ్యాండు ఒకటుంది, ఏలియన్ వెపన్రీ. న్యూజిలాండ్ వాళ్లు, మావోరీలు. హెన్రీ, లూయిస్ అనే అన్నదమ్ములు 2010లో బ్యాండు పెట్టారు, అప్పటికి ఒకడికి పదేళ్లు, ఇంకొకడికి ఎనిమిది. మావోరీ భాషలోనే పాఠాలు చెప్పే బడిలో చదివినవాళ్లు. 2018లో వచ్చిన 'టూ' అనే మొదటి ఆల్బంలో చాలా పాటలు మావోరీలోనే. ఒకటి 1864లో బ్రిటిష్ సైన్యంతో గేట్ పా దగ్గర జరిగిన యుద్ధం గురించి, అందులో వాళ్ల పూర్వీకుడు చనిపోయాడు. ఇంకోటి 'రౌపాటు', 1863లో చట్టం చేసి మావోరీల భూములు గుంజుకున్న సంగతి. చట్టం చేసి గుంజుకోవటం! ఆ మాట మన గ్రూపులో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. టెస్టమెంట్ బ్యాండులో పాడే చక్ బిల్లీ కూడా అమెరికాలో పోమో తెగ మనిషి, 2012లో 'నేటివ్ బ్లడ్' అనే పాట చేశాడు. ఇవి విన్నాక మా సుగాలి వాడు గోర్ బోలిలో నాలుగు లైన్లు రాశాడు. ఎరుకల వాడికి మాత్రం రాయటానికి భాష లేదు. కుర్రు భాష వాళ్ల అమ్మమ్మకి పూర్తిగా వచ్చు, అమ్మకి సగం, వీడికి పిలుపులు, తిట్లు. తిట్లతో కూడా మెటల్ పాట అవుతుందని మేము ధైర్యం చెప్పాం.

ఇప్పుడు అసలు సంగతి. నిరుడు డిసెంబరులో హైదరాబాదులో ఒక పబ్బులో మెటల్ షో ఉందని తెలిసింది. నాలుగు బ్యాండులు. హైదరాబాదులో ఈ పని చేసేవాళ్లున్నారని మాకు అంతకుముందే తెలుసు. గాడ్‌లెస్ అనే బ్యాండు అక్కడిదే, 2021లో వచ్చిన వాళ్ల 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' హాస్టల్ డాబా మీద పడుకుని విన్నాం. మన రాజధానిగా ఉన్న ఊళ్లో పుట్టిన చప్పుడు అంత గట్టిగా ఉంటుందని నమ్మలేకపోయాం. ఈ షోలో వాళ్లు లేరు, మాకు తెలియని కుర్రాళ్ల బ్యాండులు. అయినా లైవ్ గదా. పెద్ద షోలు జరిగినప్పుడు మేము చిన్నపిల్లలం. ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో 2007 మార్చి 17న వాయించినప్పుడు మాకు రెండేళ్లు. మెటాలికా 2011 అక్టోబరు 30న అక్కడికే వచ్చినప్పుడు మేము ఒకటో తరగతి, పలక మీద దిద్దుతున్నాం.

ముగ్గురి దగ్గర కలిపి 2,300 ఉన్నాయి. నిడుబ్రోలు స్టేషన్లో బండెక్కి తెనాలి, అక్కడినుంచి జనరల్ బోగీలో సికింద్రాబాదు. గుంటూరు ఫుట్‌పాత్ మీద కొన్న నల్ల టీషర్టులు వేసుకున్నాం, ఒకదాని మీద పుర్రె బొమ్మ. దారిలో ఒక స్టేషన్లో ఖాకీ మనిషి ఒకాయన మమ్మల్ని చూసి ఆగాడు. సంచులు విప్పమన్నాడు. పులిహోర డబ్బా, దుప్పటి, చార్జర్. ఆధార్ అడిగాడు. ఎరుకల వాడి కార్డు మీద అడ్రసు స్టువర్టుపురం.

తెలియని తమ్ముళ్ల కోసం: స్టువర్టుపురం బాపట్ల పక్కనే. బ్రిటిష్ వాళ్లు 1911లో చేసిన నేరస్థ తెగల చట్టం కింద మన ఎరుకల వాళ్లని పుట్టుకతోనే దొంగలని రాసి, 1913 ప్రాంతంలో అక్కడ సెటిల్మెంటు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికిచ్చారు. ఊరు దాటాలంటే అనుమతి, రాత్రిళ్లు హాజరు. 1952లో చట్టం పోయింది. పేరు మీద మరక పోలేదు. 1991లో చిరంజీవి సినిమా, 2023లో రవితేజ సినిమా, రెండిట్లోనూ మా వాడి ఊరే. ఊళ్లో ఉన్న టీచర్లు, రైల్వే ఉద్యోగులు, నర్సుల మీద సినిమా ఇంకా రాలేదు.

ఆ ఖాకీ మనిషి కార్డు చూసి నవ్వాడు. "ముగ్గురూ ఒకే బ్యాచా?" అన్నాడు. రెండు బళ్లు పోయేదాకా బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఏమీ అనలేదు, కొట్టలేదు. ఊరికే కూర్చోబెట్టాడు. యానాది వాడు, సుగాలి వాడు "మావి వేరే ఊళ్లు సార్" అని కార్డులు చూపించొచ్చు. చూపించలేదు. ఇది రాయొద్దని ఆ ఇద్దరూ అంటున్నారు, రాసేవాడు వినటం లేదు.

అట్టా ఆలస్యమై, పబ్బు దగ్గరికి చేరేసరికి రాత్రి 8 దాటింది. గుమ్మం దగ్గర బౌన్సర్ మళ్లీ ఆధార్ అడిగాడు. ఈసారి ఊరు చూడలేదు, పుట్టిన సంవత్సరం చూశాడు. 21 నిండితేనే లోపలికి అన్నాడు. మాకు 19 నిండి నెలలు. మందు తాగం అన్నా, పాటల కోసమే వచ్చాం అన్నా, చేతుల మీద గుర్తు వేసి పంపండి అన్నా రూలు రూలే. ఆయన్ని ఏమీ అనటానికి లేదు, ఆయన ఉద్యోగం అది. పైగా పోయేటప్పుడు చెప్పాడు, "వెనక సందులోకి పోండి, అక్కడ బాగా వినిపిస్తది" అని.

వెనక సందులో జనరేటరు, ఖాళీ సీసాల ట్రేలు, ఒక ఇనుప షట్టరు. మా మొదటి లైవ్ షో అక్కడ జరిగింది. పాడేవాడి గొంతు సగమే వచ్చింది, గిటార్లు రంపం చప్పుళ్లలా కలిసిపోయాయి. కానీ డ్రమ్ములు గోడలోంచి వచ్చాయి. షట్టరు మీద అరచెయ్యి పెడితే మోత మోచేతి దాకా ఎక్కేది. ఇయర్ ఫోన్లలో అది చెవికి వినపడేది. ఇక్కడ కడుపులో తగిలింది. ఫోన్లో ఇన్నాళ్లూ విన్నది బొమ్మ, ఇది మనిషి అనిపించింది. మేము ముగ్గురం షట్టరుకి చేతులు ఆనించి నిలబడ్డాం. అటుగా పోయేవాళ్లకి గోడ పడకుండా పట్టుకున్నట్టు కనిపించి ఉంటాం.

సిగరెట్టుకి బయటికొచ్చిన ఒక అన్న మమ్మల్ని చూశాడు. నలభై ఉంటాయి, సాఫ్ట్‌వేర్. పుర్రె టీషర్టు చూసి నవ్వి, సంగతి తెలుసుకుని, పక్క బండి మీద మాకు టీ ఇప్పించాడు. 2011లో మెటాలికాకి బెంగళూరు పోయాడంట. అంతకు రెండు రోజుల ముందు గుర్గావ్‌లో జరగాల్సిన షో ఆగిపోయింది, బెంగళూరుది కూడా జరుగుతుందో లేదో అని భయపడ్డాడంట. ఆ రాత్రి వానకి తడిసిన నేల, బురదలో వేల మంది, అతని చెప్పు ఒకటి పోయింది. ఆ చెప్పు గురించి చెప్పేటప్పుడు మొహం వెలిగిపోయింది. ఆయన మా ఊరు అడిగాడు. స్టువర్టుపురం అని మా వాడు గట్టిగానే చెప్పాడు. "బాపట్ల బీచ్ దగ్గర గదా" అన్నాడాయన. అంతే. ఆ మాటకి మేము ముగ్గురం ఎంత తేలికపడ్డామో ఆయనకి తెలియదు.

షో అయ్యాక షట్టరు లేచింది. డ్రమ్ములు కారులోకి చేరవేస్తున్నారు, ఇద్దరే ఉన్నారు. మేము అడక్కుండానే అందుకున్నాం. మిర్చి టిక్కీలు మోసిన భుజాలకి డ్రమ్ములు ఎంత? డ్రమ్మర్ మా ఈడువాడే, రెండేళ్లు పెద్ద. లోపలికి రాలేదని తెలిసి, అదే సందులో పెద్ద డ్రమ్ము కింద పెట్టి పెడల్ చూపించాడు. డ్రమ్ము ఒకటే, పెడల్స్ రెండు, ఎడమకాలు కుడికాలు మార్చి మార్చి తొక్కితే ఆ మెషిన్ గన్ లాంటి మోత. రెండు డ్రమ్ములు ఉంటాయని మేము అప్పటిదాకా అనుకున్నాం. సుగాలి వాడిని కూర్చోమన్నాడు. వాడు కాళ్లతో ఏదీ సరిగ్గా కొట్టలేకపోయాడు. చేతులు ఇచ్చేసరికి మాత్రం వాళ్ల నాన్న దరువు కొట్టాడు, తీజ్‌కి కొట్టేది. డ్రమ్మర్ రెండుసార్లు మళ్లీ కొట్టమన్నాడు, ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. "ఎక్కడ నేర్చుకున్నావ్?" అంటే వీడు "మా నాన్న" అన్నాడు. తర్వాత ప్లాట్‌ఫారం మీద పడుకున్నప్పుడు యానాది వాడు అన్నాడు, "వాడు రికార్డు చేసుకున్నాడు చూశావా, మన షవాంతే మనమే" అని. చాలాసేపు నవ్వుకున్నాం. నవ్వులో కొంచెం నిజం కూడా ఉంది.

2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లో విల్లా పార్కు అనే స్టేడియంలో సబ్బాత్ నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. పాడేది ఆజీ ఆస్బర్న్. పార్కిన్సన్ జబ్బు వల్ల నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. 17 రోజులకి, జూలై 22న చనిపోయాడు. ఆ రాత్రి గదిలో లైటు వేసుకుని కూర్చున్నాం. ఆజీ కుర్రతనంలో బట్టల కొట్టులో దొంగతనం చేసి, జరిమానా కట్టలేక కొన్ని వారాలు జైల్లో ఉన్నాడు. కబేళాలో పనిచేశాడు. 2016లో వాళ్ల ఊరు ఒక ట్రాముకి ఆయన పేరు పెట్టింది. ఎరుకల వాడు ఇది చదివి ఫోన్ పక్కన పెట్టేశాడు. "అక్కడ దొంగతనం చేసినోడి పేరు బండికి పెడతారు. ఇక్కడ చెయ్యనోడిని బండి దింపుతారు" అన్నాడు. మేము ఏమీ అనలేదు.

ఆ తర్వాతి నెల శ్రావణంలో తీజ్. తండాకు ముగ్గురం పోయాం. తొమ్మిది రోజులు ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ నారు పెంచి, చివరి రోజు ఊరేగించి నీళ్లలో కలుపుతారు. హైదరాబాదు సందులో రికార్డు చేసింది ఆ డ్రమ్మర్ మాకూ పంపాడు. అది నాన్నకి వినిపించాం. ఈసారి మందు తెచ్చినట్టు కాదు, ఊరికే, అన్నం తినేటప్పుడు. ఆయన సగంలో ఆపి, "మూడో దెబ్బ తప్పు కొట్టావు" అన్నాడు కొడుకుతో. ఆపి ఆపి మూడుసార్లు అదే మాట. చివరికి కొడుకుని అటక ఎక్కమన్నాడు.

చర్మం వదులై ఉంది. మంట దగ్గర కాచారు. కర్రకి గుడ్డ చుట్టి, మిగిలిన వేళ్లకి తాడుతో కట్టించుకున్నాడు. ఊరేగింపు మొత్తం కొట్టలేదు, తండా చివర వేపచెట్టు దాకా కొట్టి కొడుక్కి ఇచ్చేశాడు. మేము పక్కనే నడుస్తున్నాం, రెండడుగుల దూరంలో. కడుపులో తగిలింది. మళ్లీ అదే చోట.

"మీ సీసా మూత ఆయన ఇట్టాగే కట్టుకున్నాడా?" అని ఆ రాత్రి అడిగాడు నాన్న. మూత కాదు, సీసానే కరగబెట్టాడని చెప్పాం. "డబ్బులు ఇచ్చారో లేదో కనుక్కోండి" అన్నాడు మళ్లీ.

మాలో పెద్దవాడికి జనవరిలో 21 నిండుతాయి, మిగతా ఇద్దరికి ఏప్రిల్లో. ఏప్రిల్ దాకా ఆగి ముగ్గురం కలిసే పోదామనుకున్నాం. అప్పటికి మిరప కోతలు కూడా అయిపోతాయి, చేతిలో నాలుగు డబ్బులుంటాయి. మెమరీ కార్డు ప్రస్తుతం ఫస్ట్ ఇయర్ తమ్ముడి దగ్గర ఉంది. చెంచు పిల్లాడు, దోర్నాల వైపు. వారంలో ఇస్తానని తీసుకున్నాడు, నెలైంది. నిన్న రాత్రి వాళ్ల గది తలుపు సందులోంచి వాన చప్పుడు, గంట వినిపించాయి. అడక్కుండా వచ్చేశాం.